పాట సాగుతోంది, డెక్ బెల్ట్ మార్చడం ఎలా?

ప్రశ్న: నాన్నగారి పాత క్యాసెట్ డెక్ అటక మీంచి దించాను. మోటారు తిరుగుతోంది కానీ పాట సాగిపోతోంది, నిన్న టేప్ కూడా నమిలేసింది. మూత తీస్తే బెల్ట్ తారులా కరిగి పుల్లీకి అంటుకుని ఉంది. కొత్తదాని సైజు ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు ఆ తారు వేళ్లతో ముట్టుకోకండి, నాకు ఒక మంచి చొక్కా పోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్స్‌తో పుల్లీ, ఫ్లైవీల్ (బెల్ట్ తిప్పే బరువైన చక్రం) రెండూ మెరిసేదాకా తుడిచి, బెల్ట్ వెళ్లే దారి పొడవునా దారం చుట్టి కొలిచి, అందులో 5 శాతం తగ్గించి కొనండి. మరీ బిగుతైతే మోటారు బేరింగ్ అరుగుతుంది.

జవాబు: ఫ్లైవీల్‌కి ఎక్కువగా చదును బెల్టే ఉంటుంది. రబ్బరు బ్యాండ్ మాత్రం వేయకండి.

ప్రశ్న అడిగినవారు: నిన్ననే వేశానండీ!

జవాబు: వెంటనే తీసేయండి. బెల్ట్ మార్చాక తెలిసిన పాట పెట్టి స్పీడ్ చూసుకోండి, చాలా మోటార్లకు వెనక చిన్న రంధ్రంలో అడ్జస్ట్ చేసే స్క్రూ ఉంటుంది.