షుగర్ పడిపోతే పంచదార నీళ్లు ఎందుకు పనిచెయ్యలేదు?

వేలచ్చేరి కోడలు:
మా మావయ్యకి డెబ్భై రెండేళ్లు. సొంతూరు గూడూరు, మూడేళ్లుగా చెన్నైలో మాతోనే ఉంటున్నారు. పోయినేడాది నుంచి పొద్దున మూడు మందులు కలిసిన మాత్ర వేసుకుంటున్నారు: గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500, వోగ్లిబోస్ 0.2.

మొన్న ఏకాదశి. "ఒక్కపూటకేం కాదులేమ్మా" అని మాత్ర మింగి, టిఫిన్ మానేశారు. పదకొండున్నరకి చూస్తే చొక్కా తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, నన్ను మా ఆడబిడ్డ పేరుతో పిలుస్తున్నారు. వేలు గుచ్చి చూస్తే 52. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించా. పావుగంటకి 55. మళ్లీ తాగించా, 58. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చివరికి మావాడు క్రికెట్‌కి పట్టుకెళ్లే గ్లూకోజ్ డబ్బా గుర్తొచ్చి అది కలిపి ఇచ్చా. పావుగంటలో 84.

రెండూ తీపే కదా? మిషన్ తప్పు చూపించిందంటారు మావారు.

మందులకొట్టు, విల్లివాక్కం:
మిషన్ తప్పు కాదమ్మా, ఆ మూడో మందు పనే అది. పంచదారంటే గ్లూకోజూ ఫ్రక్టోజూ అతుక్కున్న జంట. చిన్నపేగులో ఉండే ఎంజైమ్ ఆ జంటని విడగొడితేగానీ నెత్తుట్లోకి ఎక్కదు. వోగ్లిబోస్ ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. తిన్న అన్నం మెల్లగా అరిగి, షుగర్ ఒక్కసారిగా ఎగరకూడదనే దాన్ని ఇస్తారు. గ్లూకోజ్ పొడికి ఆ విడగొట్టుడు అక్కర్లేదు, నేరుగా ఎక్కేస్తుంది.

షుగర్ని పడగొట్టింది మాత్రం గ్లిమెపిరైడ్. అది క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. మనిషి తిన్నాడా లేదా అన్నది దానికి పట్టదు. ఈ జాతి మందుల సంగతి బయటపడిందే ఇలాంటి గండంతో: 1942లో ఫ్రాన్స్‌లోని మాంపెల్లియేలో టైఫాయిడ్ రోగులకి ఓ సల్ఫా మందు ఇస్తే షుగర్ పడిపోయింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఇలా పడిపోవడం అరుదు.

ఇంట్లో గ్లూకోజ్ పొడి వేరే పెట్టండి. 70 కంటే తగ్గితే 15 గ్రాములు, అంటే చిన్న చెంచాతో మూడు నాలుగు. పావుగంటకి మళ్లీ చూడండి. కుదుటపడ్డాక ఏదైనా తినిపించాలి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ రోజంతా పనిచేస్తుంది, సాయంత్రం మళ్లీ పడొచ్చు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి.

పద్నాలుగేళ్ల షుగర్:
అమ్మయ్య, ఇదా సంగతి! నాకూ ఆ మూడింటి మాత్రే. జేబులో ఎప్పుడూ నాలుగు చాక్లెట్లుంటాయి. వోగ్లిబోస్ మొదలెట్టిన నెల మాత్రం కడుపుబ్బరం, గ్యాస్. ఓసారి నెల్లూరు వెళ్తూ రైల్లో పక్క సీటాయన లేచి తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. అరగని పిండిపదార్థం పెద్దపేగులో పులిస్తే అంతేనట. ఉపవాసం రోజు మాత్ర మానేస్తే సరిపోదూ?

మందులకొట్టు, విల్లివాక్కం:
చాక్లెట్లు మనవళ్లకి ఇచ్చెయ్యండి సార్. అందులో ఉన్నదీ పంచదారే, పైగా కొవ్వు, ఇంకా ఆలస్యం. ఇక మాత్ర మీ అంతట మీరు మానొద్దు. ఏకాదశులు నెలకి రెండే కదా, ముందే డాక్టర్ని అడిగి ఆ రోజుకి ఏది ఆపాలో, ఎంత తగ్గించాలో చీటీ మీద రాయించుకోండి. మా కొట్టుకి వచ్చేవాళ్లలో సగంమంది ఉపవాసం సంగతి డాక్టరుకి చెప్పనే చెప్పరు.

వేలచ్చేరి కోడలు:
శుక్రవారం వెళ్లొచ్చాం. గ్లిమెపిరైడ్ తీసేసి మాత్ర మార్చారు, రెండు వారాలు రోజూ చూసి రాసుకోమన్నారు. ఉపవాసాల మాట మేమూ చెప్పలేదు, నిజమే. అంతా విని మావయ్య డాక్టర్ని అడిగింది ఒకటే: గ్లూకోజ్ నీళ్లు తాగితే ఏకాదశి చెడినట్టేనా అని.