ఏళ్లనాటి నడుము నొప్పికి వెనక్కి నడక: చేసినవారు చెప్పండి

గంటస్తంభం దర్జీ (విజయనగరం):
పొద్దస్తమానం మిషను ముందు వంగి కూర్చునే పని నాది. నడుము కింది భాగంలో నొప్పి ఏళ్ల తరబడి ఉంది. నరం నొక్కుకుపోలేదని స్కానింగులో తేలింది. ఫిజియోథెరపిస్టు వెనక్కి నడవమన్నారు. అయోధ్య మైదానంలో నడుద్దామంటే వెనక ఎవరికి తగులుతానో అని భయం. నిజంగా పనికొస్తుందా?

పొందూరు కోడలు:
మా అత్తగారు చేస్తున్నారండీ. ఆవిడ నూలు వడికే మనిషి. వాలుగ చేప దవడతో పత్తి ఏకడం మొదలు రాట్నం తిప్పడం దాకా అంతా నేల మీద కూర్చునే. మొదట్లో అడుగడుగుకూ వెనక్కి తిరిగి చూసేవారు. నడుము సంగతి అటుంచి, మెడ పట్టేసింది. ఇప్పుడు నేను ఆవిడకు ఎదురుగా ముందుకు నడుస్తాను, ఆవిడ నన్ను చూస్తూ వెనక్కి నడుస్తారు. దారి చూసే పని నాది. వరండా గోడ చేతికి అందేలా ఉంటుంది. ముందు కాలి వేళ్లు ఆనతాయి, తర్వాత మెల్లగా మడమ దిగుతుంది. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. మంచం దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మాత్రం మానేశారు.

ఫిజియో, శ్రీకాకుళం:
మీ పద్ధతి చాలా బాగుందమ్మా. వెనక్కి నడిస్తే మోకాలి చిప్ప మీద ఒత్తిడి తగ్గుతుంది, తొడ ముందు కండరాలకు పని పెరుగుతుంది. అదే వేగంతో ముందుకు నడిచినప్పటికంటే అలసట ఎక్కువ. అందుకే కొద్దిసేపు చాలు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. వెనక్కి నడక మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి. మామూలు నడకకే బలమైన ఆధారం ఉంది. నడుము నొప్పి తగ్గి కోలుకున్న 701 మందితో ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఫిజియో సలహాతో క్రమంగా నడక పెంచుకున్నవారిలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, ఆ సలహా అందనివారిలో సగం మందికి 112 రోజులే. కాబట్టి రోజూ ముందుకు నడవండి, అందులో కాస్త వెనక్కి నడక కలపండి. నడుము బెల్టుకు డబ్బు పోయకండి. మూడు నెలలు దాటిన నొప్పికి అది వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది.

బారువ రైతు:
సముద్రపు ఒడ్డున ఇసుకలో నడవవచ్చా? నాకు ఎడమ కాలు తిమ్మిరి కూడా ఉంది.

ఫిజియో, శ్రీకాకుళం:
తిమ్మిరి ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి, ఆ తర్వాతే నడక. మెత్తటి ఇసుకలో కాలు కూరుకుపోయి తూలుతారు, అది అసలు వద్దు. పాదంలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం అదుపు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు.

గంటస్తంభం దర్జీ:
ఎదురుగా తాను నడుస్తానని మా ఆవిడ అంటోంది. మా మేడ మీద ఖాళీ ఉంది, అక్కడ మొదలుపెడతాం.

పొందూరు కోడలు:
మేడ మీద వద్దండీ. పిట్టగోడ ఉన్నా మెట్ల వైపు తెరిచే ఉంటుంది కదా. ఇంటి ముందు చదునైన చోటు చూసుకోండి. హవాయి చెప్పులతో మాత్రం నడవకండి, మా అత్తగారికి అవి మడమ నుంచి జారిపోయేవి. వెనక పట్టీ ఉన్నవి కొన్నాం.