రాస్ప్‌బెరీ పై, బీగిల్‌బోన్: కార్డుకు ఇమేజ్ ఎక్కుతోంది, బోర్డు లేవడం లేదు. మీ అనుభవాలు చెప్పండి

ల్యాబ్_కాపలా
నమస్కారం. మా కళాశాల ఎంబెడెడ్ ల్యాబ్ నా బాధ్యత. రాస్ప్‌బెరీ పై 4 బోర్డులు ఎక్కువ, బీగిల్‌బోన్ బ్లాక్‌లు కొన్ని, ఆల్‌విన్నర్ చిప్‌తో వచ్చే చౌక బోర్డులు మరికొన్ని. సెమిస్టర్ మొదలయ్యేలోగా అన్నింటికీ కొత్త ఇమేజ్, అంటే ఒకే ఫైలుగా కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్కించాలి. రాయడం పూర్తయిందని సాఫ్ట్‌వేర్ చెబుతుంది, కార్డు తీసి బోర్డులో పెడితే కొన్ని లేస్తాయి, కొన్ని ఉలకవు పలకవు. విద్యార్థులది విండోస్, నాది ఉబుంటు. ఏ బోర్డు దగ్గర తేడా ఎక్కడ వస్తుందో, మీరు ఎలా పట్టుకున్నారో రాయగలరా?

టంకం_పొగ
ముందు విండోస్ సంగతి చూడండి. రాయడం పూర్తవగానే ‘ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని ఒక పెట్టె తెరమీదికి వస్తుంది. చాలామంది చదవకుండానే ఒప్పేసుకుంటారు, అక్కడితో కార్డు ఖాళీ. రాస్ప్‌బెరీ పై ఇమేజ్‌లో రెండు విభాగాలు ఉంటాయి. మొదటిది ఫ్యాట్32, అందులో వ్యవస్థకు మూలమైన కెర్నెల్, బోర్డును లేపే ఫర్మ్‌వేర్ ఉంటాయి. రెండోది ఈఎక్స్‌టీ4, అసలు వ్యవస్థంతా అందులోనే. ఈ రెండోది విండోస్ చదవలేదు కాబట్టి పాడైన డిస్కు అనుకుంటుంది. రద్దు చేసి కార్డు బయటకు తీసేయడమే.

ఏ విభాగం పోయిందో బోర్డే చెబుతుంది. ఇంద్రధనుస్సు తెర కనిపించి, తర్వాత రూట్, అంటే అసలు వ్యవస్థ ఉన్న చోటు, దొరకలేదంటూ ఆగిపోతే రెండో విభాగం పోయినట్లు. పచ్చ దీపం నాలుగుసార్లు వెలిగి ఆగి, మళ్లీ నాలుగుసార్లు వెలుగుతుంటే స్టార్ట్ ఫైలు దొరకలేదని, ఏడుసార్లయితే కెర్నెల్ దొరకలేదని అర్థం. కార్డు మళ్లీ రాసేముందు ఒక నిమిషం ఆ దీపం చూడండి, సగం పని తగ్గుతుంది.

సున్నా_సెక్టార్
ఆల్‌విన్నర్ బోర్డుల గురించి నేను చెబుతాను. వాటి దగ్గర రాస్ప్‌బెరీ పై అలవాట్లు పనికిరావు. రాస్ప్‌బెరీ పై చిప్‌లోని రోమ్‌కు, అంటే చదవడానికి మాత్రమే వీలున్న ఆ మొదటి ప్రోగ్రాముకు, ఫ్యాట్ విభాగాన్ని చదవడం వచ్చు. పై 4 అయితే వ్యవస్థను లేపే ప్రోగ్రామును, అంటే బూట్‌లోడర్‌ను, బోర్డు మీదే ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్‌లో పెట్టుకుంటుంది. అందుకే ఫైళ్లు చేత్తో కాపీ చేసినా ఒక్కోసారి పై లేస్తుంది. ఆల్‌విన్నర్ చిప్‌కు ఫైళ్ల గొడవే తెలియదు. కార్డు మొదటి నుంచి 8 కిలోబైట్ల దూరంలో ఏముందో చూస్తుంది, అక్కడ బూట్‌లోడర్ మొదటి ముక్క ఉంటే సరే, లేకపోతే కార్డే లేనట్లు ప్రవర్తిస్తుంది. రాక్‌చిప్ బోర్డుల్లో అదే ముక్క 64వ సెక్టారు దగ్గర, అంటే 32 కిలోబైట్ల దగ్గర ఉంటుంది.

ఈ చోటు ఏ విభాగంలోనూ ఉండదు. ఫైల్ మేనేజర్‌లో కనిపించదు, కాపీ చేస్తే రాదు. ఇమేజ్‌ను మొదటి బైటు నుంచి యథాతథంగా కార్డు మీద దించితేనే వస్తుంది. మీ విద్యార్థులు ఇమేజ్‌ను తెరిచి, లోపలి ఫైళ్లను కార్డులోకి లాగి వదులుతున్నారేమో కనుక్కోండి.

డీడీ_భక్తుడు
ఉబుంటు ఉండగా వేరే సాఫ్ట్‌వేర్ ఎందుకండీ? డీడీ అనే కమాండు చాలు. కాకపోతే రెండు జాగ్రత్తలు. గమ్యంగా మొత్తం కార్డును చూపాలి, అంటే ఎస్‌డీబీ అని. ఎస్‌డీబీ1 అని రాస్తే ఇమేజ్‌లోని విభజన పట్టిక పోయి ఒక విభాగం లోపల పడుతుంది, ఏ బోర్డూ దాన్ని వెతుక్కోలేదు. మీ ల్యాప్‌టాప్‌లోనే కార్డు రీడర్ ఉంటే పేరు ఎంఎంసీబీఎల్‌కే0 అని రావచ్చు. కార్డు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండు కొట్టి, కొత్తగా వచ్చిన పేరు ఏదో చూసి, దాని సైజు కూడా సరిచూసుకోండి. ఇక్కడ ఒక్క అక్షరం తప్పితే చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్లు డీడీ మీ హార్డ్‌డిస్కు తుడిచేసి వస్తుంది, ఒక్క ప్రశ్న కూడా అడగదు.

రెండోది, బ్లాక్ సైజు 4 మెగాబైట్లు ఇచ్చి, చివర ఎఫ్‌సింక్ తప్పకుండా చేర్చండి. లేకపోతే రాతంతా కంప్యూటర్ మెమరీలోనే ఉండిపోయి, పని అయిపోయిందని కనిపిస్తుంది. ఆ క్షణంలో కార్డు లాగేస్తే సగం ఇమేజే కార్డు మీద ఉంటుంది.

మ్యాక్ వాడేవారు డిస్క్2 బదులు ఆర్‌డిస్క్2 అని ఇవ్వండి, వేగం తేడా మీకే తెలుస్తుంది.

నల్ల_మల్టీమీటర్
డీడీ_భక్తుడు గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. డీడీ రాస్తుంది, రాసింది చదివి చూడదు. రాస్ప్‌బెరీ పై ఇమేజర్, ఎచర్ రెండూ రాశాక మళ్లీ చదివి పోల్చుతాయి. ల్యాబ్‌కు ఆ పోలికే ముఖ్యం, ఎందుకంటే ఆయువు తీరిన కార్డులు అబద్ధమాడతాయి. రాతను ఒప్పుకుంటాయి, లోపం అని ఎక్కడా చెప్పవు, తీసి మళ్లీ పెడితే పాత సమాచారమే ఉంటుంది! కొత్త ఇమేజ్ ఎక్కించిన కార్డులో పోయిన ఏడాది విద్యార్థి ఫైళ్లు కనిపిస్తే తికమక పడకండి, ఆ కార్డును చెత్తబుట్టలో వేయండి.

డీడీయే వాడతానంటే, రాశాక కార్డు బయటకు తీసి మళ్లీ పెట్టి, ఇమేజ్ ఎంత పొడవుందో అంతమేరకు సీఎంపీ కమాండుతో పోల్చండి. తీయకుండా పోల్చితే కార్డును కాదు, మెమరీలో మిగిలిన నకలును చదివే ప్రమాదం ఉంది.

నకిలీ కార్డుల సంగతి కూడా ఇక్కడే. మీద 64 అని ముద్రించి, లోపల 8 గిగాబైట్లు ఉన్నవి మా బజారులో దొరుకుతాయి. ఇమేజ్ చిన్నది కాబట్టి చక్కగా ఎక్కుతుంది, బోర్డు కూడా లేస్తుంది. నాలుగు ప్యాకేజీలు వేశాక ఫైల్ సిస్టమ్ కూలుతుంది. కొనగానే లైనక్స్‌లో ఎఫ్3తో, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో కార్డు చివరి దాకా రాసి చదివించండి. గంటలు పట్టినా పట్టనివ్వండి.

తెల్ల_హీట్‌సింక్
బీగిల్‌బోన్ బ్లాక్‌లకు ఈ కథ వేరు. బోర్డు మీదే ఈఎంఎంసీ అనే నిల్వ చిప్ ఉంది, మీరు పెట్టిన కార్డును వదిలేసి అందులోని పాత వ్యవస్థతో లేచిపోతుంది. ‘ఇమేజ్ ఎక్కింది గాని మార్పు కనిపించదు’ అనే ఫిర్యాదుకు మూలం ఇదే. కార్డు స్లాట్ వైపున్న ఎస్2 మీట నొక్కి పట్టుకుని, అప్పుడు కరెంటు ఇవ్వాలి. రీసెట్ మీట సరిపోదు. ఎక్కడి నుంచి బూట్ కావాలో చిప్ నిర్ణయించుకునేది కరెంటు అందిన క్షణంలో మాత్రమే.

ఈఎంఎంసీలోకి తనను తాను కాపీ చేసుకునే ఫ్లాషర్ ఇమేజ్ అయితే నాలుగు నీలి దీపాలు వరుసగా అటూ ఇటూ పరుగెడతాయి, ఈఎంఎంసీలోకి కాపీ జరుగుతోందన్నమాట. అయ్యాక కార్డు తీసేయండి, లేకపోతే తర్వాతిసారి మళ్లీ అదే పని మొదలుపెడుతుంది. తొలి బోర్డుల్లో ఈఎంఎంసీ 2 గిగాబైట్లే, రెవ్ సీ నుంచి 4. పెద్ద ఇమేజ్ దించేముందు బోర్డు మీద రెవిజన్ చూసుకోండి.

ల్యాబ్_కాపలా
అందరికీ ధన్యవాదాలు. ఆల్‌విన్నర్ బోర్డుల విషయంలో సున్నా_సెక్టార్ గారు ఊహించినట్లే జరిగింది, ఫైళ్లు లాగి వదిలారు. ఇమేజర్‌తో రాయించాక లేచాయి. పైలలో కొన్ని మాత్రం లేస్తున్నాయి గాని లోపలికి వెళ్లలేకపోతున్నాం. మానిటర్ లేకుండా ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్కు ద్వారా, వెళ్లాలి. యూజర్ పేరు ‘పై’, పాస్‌వర్డు ‘రాస్ప్‌బెరీ’ అనే పాత జోడీ పనిచేయడం లేదు.

టంకం_పొగ
పనిచేయదు. 2022 ఏప్రిల్ నుంచి ఆ డిఫాల్ట్ యూజర్‌ను తీసేశారు. ఇమేజర్‌లో రాసేముందే పేరు, పాస్‌వర్డు, వైఫై, ఎస్‌ఎస్‌హెచ్ అన్నీ పెట్టే చోటు ఉంది, అక్కడ నింపండి. వైఫై కోసం బూట్ విభాగంలో డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైలు పెట్టే పాత చిట్కా కూడా 2023 చివర్లో వచ్చిన బుక్‌వర్మ్ వెర్షన్‌తో పోయింది, ఇప్పుడంతా నెట్‌వర్క్ మేనేజర్. ఆన్‌లైన్‌లో పాత పాఠాలు ఇంకా అదే చెబుతున్నాయి, తేదీ చూసి చదవండి.

ల్యాబ్_కాపలా
చివరిగా ఒకటి. ఒక్క కార్డులో అన్నీ అమర్చి, దాన్నే ఇమేజ్‌గా తీసి మిగతా కార్డులకు ఎక్కిస్తే?

సున్నా_సెక్టార్
కుదురుతుంది, రెండు చిక్కులతో. 32 గిగాబైట్ల కార్డులన్నీ ఒకే సైజు కావు, కంపెనీకీ కంపెనీకీ కొన్ని మెగాబైట్లు తేడా ఉంటుంది. పెద్ద దాని నుంచి తీసిన ఇమేజ్ చిన్న దానిలో పట్టదు. పైష్రింక్ అనే స్క్రిప్టుతో కుదించి వాడండి, మొదటి బూట్‌లో మళ్లీ కార్డు నిండా విస్తరిస్తుంది. ఆ మొదటి బూట్ మధ్యలో ఎవరూ ప్లగ్ పీకకుండా చూడండి.

రెండోది, ఒకసారి లేచిన కార్డు నుంచి నకలు తీస్తే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు, యంత్రం గుర్తింపు, హోస్ట్‌నేమ్ అన్ని బోర్డులకూ ఒకటే అవుతాయి. నెట్‌వర్కులో ఒక బోర్డు అనుకుని ఇంకో బోర్డులోకి వెళతారు. ఇమేజ్ తీసేముందు ఈటీసీ ఫోల్డరులోని ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ తాళాలు చెరిపి, మెషిన్ ఐడీ ఫైలును ఖాళీ చేయండి. మెషిన్ ఐడీ తర్వాతి బూట్‌లో దానంతట అదే పుడుతుంది. తాళాలను పుట్టించే సర్వీసు మాత్రం మొదటి బూట్ తర్వాత ఆగిపోతుంది, దాన్ని మళ్లీ ఎనేబుల్ చేసి ఉంచండి. హోస్ట్‌నేమ్‌కు బోర్డు సీరియల్ నంబర్ చివరి అంకెలు పెట్టే చిన్న స్క్రిప్టు నా దగ్గర ఉంది, సాయంత్రం ఇక్కడే పెడతాను.