హామ్లెట్‌ను ఇంట్లో చూడాలంటే కుదించినదా, పూర్తిదా?

తిరుపతి, కళాశాల అధ్యాపకురాలు:
మా అమ్మాయికి డిగ్రీలో షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ పాఠ్యాంశం కావడంతో, ఈ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి దాని సినిమా చూద్దామనుకున్నాము. లారెన్స్ ఒలివియర్ 1948లో కుదించి తీసినది రెండున్నర గంటల పైచిలుకు, కెనెత్ బ్రానా 1996లో పూర్తిగా తీసినది నాలుగు గంటలు. రెండోదాన్ని మా ఇంట్లో మూడు నాలుగు రాత్రులకు పంచుకోక తప్పదు. ముక్కలుగా చూస్తే విషాద నాటకం పట్టు సడలిపోతుంది కాబట్టి, కుదించినదే ఒక్క బిగిన చూడడం మేలని నా వాదన. కాదనేవారు కారణం చెప్పాలి.

చిత్తూరు, విశ్రాంత ఉద్యోగి:
మన ప్రాంతంలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం చొప్పున రోజుల తరబడి నడుస్తుంది. చివరికి దుర్యోధనుడు పడతాడని పసిపిల్లలకు కూడా తెలుసు, అయినా పట్టు ఎక్కడ సడలుతోందమ్మా? ఒలివియర్ తీసేసినవాటిని కూడా చూడండి. నార్వే రాకుమారుడు ఫోర్టిన్‌బ్రాస్ లేడు, హామ్లెట్ పాత స్నేహితులు రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్ లేరు. తండ్రి చావుకు బదులు తీర్చుకోవాలని కత్తి పట్టిన మరో రాకుమారుడే కనపడకపోతే, తన తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకోవడంలో హామ్లెట్ చేసే తాత్సారాన్ని దేనితో పోల్చి చూడాలి? పైగా ఇది మనసు కుదుర్చుకోలేని మనిషి విషాదమని ఆ సినిమా మొదట్లోనే తీర్పు చెప్పేస్తుంది. బ్రానా సినిమాలోనైతే, గుప్పెడు నేల కోసం చావుకు సిద్ధపడి నడుస్తున్న సైన్యాన్ని చూసి హామ్లెట్ తనను తాను నిందించుకుంటూ గొంతు పెంచుతున్నకొద్దీ కెమెరా వెనక్కి జరిగిపోతుంది, మంచు మైదానంలో అతడు చుక్కంతవుతాడు. విరామం సరిగ్గా అక్కడే ఇచ్చారు. మీరూ అక్కడే ఆపి, రెండు రాత్రుల్లో ముగించవచ్చు.

తిరుపతి, పరిశోధక విద్యార్థి:
భారతంతో పోలిక పూర్తిగా కుదరదు సార్. అక్కడ ఏ రాత్రి ఆట ఆ రాత్రికి ఒక కథ, హామ్లెట్‌లో అంకాలు అలా విడివిడిగా నిలబడవు. ఇక 'పూర్తి హామ్లెట్' అన్నమాటనే కొంచెం అనుమానించాలి. సైన్యాన్ని చూసి హామ్లెట్ తనలో తాను చెప్పుకునే ఆ స్వగతం 1604-05లో విడి పుస్తకంగా అచ్చయిన క్వార్టో ప్రతిలో ఉంది, 1623లో షేక్‌స్పియర్ నాటకాల సంపుటిగా వచ్చిన ఫోలియోలో లేదు. ఫోలియోలో ఉండి క్వార్టోలో లేని భాగాలూ ఉన్నాయి. బ్రానా ఈ రెండింటినీ కలిపారు. మూలమే ఇలా ఉన్నప్పుడు కుదించడాన్ని తప్పుపట్టలేము, ఏది కుదించారన్నదే అడగాలి. ఫోర్టిన్‌బ్రాస్ విషయంలో మాత్రం నేనూ మీవైపే.

తిరుపతి, కళాశాల అధ్యాపకురాలు:
రెండు రాత్రులకైతే సరే, నాలుగుకు ఒప్పుకోను. అయితే విరామం తర్వాత వెంటనే వచ్చేది హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియా ఉన్మాద దృశ్యం. ఆమె తండ్రి పొలోనియస్ హామ్లెట్ చేతిలో హతమవడం ముందు రాత్రి ఎప్పుడో చూసి, మధ్యలో ఒక పగలంతా వంటలు, ఆఫీసులు, ఫోన్లు గడిచిపోయాక కూర్చుంటే, ఆ పిల్ల పాటలు మాకు వట్టి పిచ్చిగానే వినిపిస్తాయేమో!

చిత్తూరు, విశ్రాంత ఉద్యోగి:
అలాగైతే రెండో రాత్రి కొంచెం వెనక్కి జరిపి, తెరచాటున పొలోనియస్ కత్తిపోటు తినే ఘట్టం నుంచి మొదలుపెట్టండమ్మా. ఒక ఘట్టం రెండుసార్లు చూసినందువల్ల మీ అమ్మాయి పరీక్షకు వచ్చే నష్టమేమీ లేదు.