పాఠకులు పంపే పద్యాలలోని దోషాలను అందరి ముందూ చెప్పవచ్చునా?

నమస్కారం. నేను రెండేళ్లుగా నా బ్లాగులో తెలుగు ఛందస్సు గురించి రాస్తున్నాను. ఉత్పలమాలకు 10వ అక్షరం, చంపకమాలకు 11వ అక్షరం యతిస్థానమని (అంటే పాదంలోని మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోటని) వివరించిన వ్యాసం వెలువడినప్పటి నుండి, పాఠకులు తాము అల్లిన పద్యాలను వ్యాఖ్యలలోనూ ఈమెయిలులోనూ పంపి సరిదిద్దమని కోరుతున్నారు. ఆ నమ్మకం నాకెంతో విలువైనది కనుక ప్రతి పద్యానికీ గణవిభజన చేసి (గురులఘువులను గుర్తించి గణాలుగా విడదీసి) జవాబివ్వాలనే ఉంటుంది. కానీ ఉద్యోగం నుండి వచ్చాక రోజుకు రెండు మూడింటికి మించి చూడలేకపోతున్నాను.

గత నెల ఒక పెద్దాయన రాసిన కంద పద్యంలో ప్రాసభంగం జరిగిందని (పాదాల రెండవ అక్షరాలలో ఒకే హల్లు రావాలన్న నియమం తప్పిందని) వ్యాఖ్యలలోనే చూపించాను. కొందరు అజ్ఞాతంగా వచ్చి ఆయనను హేళన చేశారు. నేను గమనించి తొలగించేలోపే ఆయన వాటిని చదివారు, మళ్లీ రాలేదు. అది నన్ను నేటికీ బాధిస్తోంది. అప్పటి నుండి ప్రతి వ్యాఖ్యా నా అనుమతి తర్వాతే కనిపించేలా మార్చగా, చర్చ పూర్తిగా మందగించింది. నా బ్లాగు నడిచే వర్డ్‌ప్రెస్, మామూలు అమరికలో, రెండు లేదా అంతకు మించి లంకెలున్న వ్యాఖ్యను దానంతటదే ఆపుతుంది గాని, హేళనను అలా పట్టుకోలేదు కదా.

అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి: దోషాలను విడిగా మెయిలులోనే తెలపడం మేలా, లేక నలుగురూ నేర్చుకునేలా వ్యాఖ్యలలో చెప్పడమా? ఒకసారి ఆమోదం పొందినవారి వ్యాఖ్యలను మాత్రమే నేరుగా అనుమతించే పద్ధతి మీకు పనిచేసిందా? ఆ పెద్దాయనకు నేనే ముందుగా ఉత్తరం రాయడం సముచితమేనా?