బిగ్ హీరో 6: ఆ నలుగురు మిత్రులు లేకపోయినా కథ నడిచేదా?

పొద్దుతిరుగుడు

డిస్నీ యానిమేషన్ సినిమా బిగ్ హీరో 6 గురించి మాట వచ్చినప్పుడల్లా ఒకే ఫిర్యాదు వింటున్నాను. పేరుకు అది ఆరుగురి బృందం సినిమా అయినా, కథంతా హిరో అనే పద్నాలుగేళ్ల కుర్రాడిదీ, బేమాక్స్ అనే తెల్లటి గాలిబొమ్మలాంటి రోబోదీ అంటారు. గోగో, వసాబి, హనీ లెమన్, ఫ్రెడ్ లెక్క పూర్తి చేయడానికి వచ్చినవాళ్లట. 2014లో సినిమా వచ్చినప్పటి నుంచీ ఈ మాట నడుస్తూనే ఉంది. దీనితో నేను ఏమాత్రం ఏకీభవించను. ఎందుకో చెబుతాను, మీ అభిప్రాయాలూ చెప్పండి.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా. హిరో అన్న తదాషి ఒక అగ్నిప్రమాదంలో చనిపోతాడు. లోపల చిక్కుకున్న తన ప్రొఫెసర్ కాలహాన్‌ను కాపాడాలని మంటల్లోకి వెళ్లి తిరిగి రాడు. హిరో తయారుచేసిన మైక్రోబాట్లను, అంటే తలచినట్టు కదిలే చిన్న చిన్న రోబో ముక్కలను, ఆ మంటల మాటున ఎవరో దొంగిలించారని తర్వాత తెలుస్తుంది. తదాషి రోగుల సేవ కోసం తయారుచేసిన బేమాక్స్‌నూ, అన్న స్నేహితులు నలుగురినీ వెంటబెట్టుకుని హిరో ఆ ముసుగు మనిషి వెంట పడతాడు.

ఇక నా వాదన. ఆ నలుగురు కథలోకి ఎలా వచ్చారో గుర్తు చేసుకోండి. వాళ్లను పిలిచింది హిరో కాదు, బేమాక్స్. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకు స్నేహితుల తోడు అవసరమని తెలుసుకుని, వైద్యంలో భాగంగానే వాళ్లను రప్పిస్తాడు. అంటే వాళ్లు యుద్ధానికి వచ్చిన సైనికులు కారు, దుఃఖంలో ఉన్న పిల్లవాడి పక్కన నిలబడడానికి వచ్చినవాళ్లు. కవచాలు, ఆయుధాలు తర్వాత తగిలించినవే.

ఇప్పుడు ద్వీపం మీది పోరాటానికి రండి. ముసుగు ఊడిపోతుంది. లోపల ఉన్నది కాలహాన్. ఎవరిని కాపాడబోయి తదాషి చనిపోయాడో ఆయనే బతికి ఉన్నాడు, పైగా అది తదాషి చేసిన పొరపాటు అంటాడు. హిరో వెంటనే అతన్ని చంపేయమని బేమాక్స్‌కు చెబుతాడు. మనిషికి హాని చేయడానికి బేమాక్స్ ఒప్పుకోడు. అప్పుడు హిరో, తదాషి రాసిన వైద్యం చిప్‌ను బేమాక్స్ గుండెలోంచి పీకేసి, పోరాటం చిప్ ఒక్కటే ఉంచుతాడు. బేమాక్స్ కళ్లు ఎర్రబడతాయి. ఆ క్షణంలో ఆ నలుగురు ఎవరికి అడ్డం పడ్డారు? శత్రువుకు కాదు, తమ నాయకుడికి. హనీ లెమన్ ఆ చిప్‌ను తిరిగి పెట్టేదాకా మిగతావాళ్లు దెబ్బలు తింటూ బేమాక్స్‌ను ఆపుతూనే ఉంటారు. ఆ సందులో కాలహాన్ తప్పించుకుంటాడు, అయినా వాళ్లు వెనక్కి తగ్గరు.

ఆ నలుగుర్ని ఆ సన్నివేశంలోంచి తీసేసి చూడండి. పద్నాలుగేళ్లకే హిరో హంతకుడవుతాడు. బృందం అవసరమా అనే ప్రశ్నకు నాకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

చిత్రకథ

పొద్దుతిరుగుడు గారూ, ద్వీపం సన్నివేశం గొప్పదే, కాదనను. కానీ ఒక్క సన్నివేశంలో అవసరపడితే పాత్రలైపోతారా? 102 నిమిషాల సినిమాలో వాళ్ల గురించి మనకు తెలిసింది ఎంత? వసాబికి శుభ్రత పిచ్చి, కొంచెం భయస్తుడు. గోగో ముక్తసరి మనిషి. హనీ లెమన్ ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. ఫ్రెడ్‌కు కామిక్స్ అంటే ప్రాణం. ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం, అంతే. ఫ్రెడ్ ఇల్లు ఒక్కటే చూస్తాం, మిగతా ముగ్గురికి ఇల్లూ వాకిలీ ఉన్నాయో లేదో కూడా తెలియదు.

తదాషి హిరోకు అన్నే కాదు, వాళ్లకు ప్రాణస్నేహితుడు కూడా. రోజూ ఒకే ప్రయోగశాలలో కలిసి పనిచేసినవాళ్లు. వాళ్ల దుఃఖం ఎక్కడ చూపించారు? అంత్యక్రియల్లో నల్లబట్టలతో నిలబెట్టారు, హిరోను పలకరించే సందేశం ఒకటి పంపించారు. ఆ తర్వాత వాళ్లకు ఆ లోటు ఉన్నట్టే కథకు గుర్తులేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. దుఃఖం గురించిన సినిమా తీస్తూ, అదే మనిషిని పోగొట్టుకున్న నలుగుర్ని హిరోకు ఊరట చెప్పే పనికి మాత్రమే వాడుకున్నారు.

ఇంకొకటి. వాళ్లు నలుగురూ కథ మొదట్లో ఎంత అద్భుతంగా పరిచయమవుతారు! హనీ లెమన్ పెద్ద టంగ్‌స్టన్ కార్బైడ్ గోళం మీద రసాయనం చల్లి వేడి చేస్తుంది. అది గులాబీరంగు తిరుగుతుంది, వేలితో తాకగానే పొడిపొడిగా రాలిపోతుంది. వసాబి ప్లాస్మా కిరణాల మధ్య పడిన ఆపిల్ పల్చటి పొరలుగా తెగిపోతుంది. గోగో విద్యుదయస్కాంత చక్రాల సైకిలు ఆపుతున్న తీరులోనే ఆమె ఎలాంటి మనిషో తెలుస్తుంది. అలాంటి శాస్త్రజ్ఞులకు కవచాలు రూపొందించింది ఎవరు? హిరో. వాళ్ల పరిశోధనలు తీసుకుని ఆయుధాలుగా మార్చింది అతనే. వాళ్లు కొలతలకు నిలబడ్డారు, తొడుక్కున్నారు. ఇలాంటిదాన్ని బృందం అని ఎలా అంటాం?

అక్షరాలబాట

పుట్టుకను బట్టి చూసినా చిత్రకథ గారి మాటకే బలం ఉంది. ఈ బృందం 1998లో మార్వెల్ కామిక్స్‌లో పుట్టింది. అక్కడ సిల్వర్ సమురాయ్, సన్‌ఫైర్ లాంటి పాత్రలు కూడా ఉండేవి. డిస్నీ వాళ్లు పేరు, కొన్ని పాత్రల మూలం మాత్రమే ఉంచుకుని మిగతాదంతా కొత్తగా కట్టారు. అంత స్వేచ్ఛ దొరికినప్పుడు, డాన్ హాల్, క్రిస్ విలియమ్స్ అనే ఇద్దరు దర్శకులు కూర్చుని తీసినప్పుడు, ఆ నలుగురికీ తలా ఒక మంచి సన్నివేశం రాయలేకపోయారా? 2017లో వచ్చిన టీవీ ధారావాహికలో వాళ్లకు కాస్త చోటు దొరికిందంటే, సినిమాలో ఆ చోటు లేదనే కదా అర్థం.

పొద్దుతిరుగుడు

చిత్రకథ గారూ, దుఃఖం విషయంలో మీ మాట బలమైనదే. అంత్యక్రియల తర్వాత ఒక్క నిమిషం, నలుగురూ ఖాళీ అయిన తదాషి బల్ల ముందు నిలబడినట్టు చూపించి ఉంటే సినిమా ఇంకా ఎత్తుకు వెళ్లేది. కానీ పాత్ర లోతుగా ఉందా అనేది ఒక ప్రశ్న, కథకు అవసరమా అనేది వేరే ప్రశ్న. నేను మాట్లాడుతున్నది రెండోదాని గురించి.

మైక్రోబాట్లను ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. వేలకొద్దీ ముక్కలు, తలకు పెట్టుకునే పట్టీ ఒకటి. ఆ పట్టీ పెట్టుకున్న మనిషి ఏది తలిస్తే అవి అదే చేస్తాయి. వంతెన కావాలంటే వంతెన, గోడ కావాలంటే గోడ. మంచి పనా, చెడ్డ పనా అని అవి అడగవు. కాలహాన్ వాటిని దొంగిలించి, ఆ పట్టీని తన ముసుగులో పెట్టుకున్నాడు. ఈ సినిమాలో శత్రువు బలమంతా అదే: ఎదురు చెప్పని బలగం.

అవతలి పక్షంలో ఎవరున్నారు? హిరో మాటకు ఎదురుచెప్పేవాళ్లు. ముసుగు మనిషి తరుముతున్నా ఎర్రదీపం దగ్గర కారు ఆపే వసాబే ద్వీపం మీద హిరో ముఖం మీద చెబుతాడు: మనిషిని పట్టుకుందామనే వచ్చాం, ఇలాంటి పనికి మేం ఒప్పుకోలేదు అని. మీరు భయస్తుడన్న మనిషే ఆ మాట అన్నాడు. నియమం ఎవరూ చూడని చోట కూడా నియమమే అనుకునే స్వభావం అతనిది. కారు సన్నివేశంలో అది మనల్ని నవ్వించింది, ద్వీపం మీద అదే స్వభావం ఒక ప్రాణం కాపాడింది. ఒక్క వాక్యం పాత్ర అని తీసేయలేను నేను.

కాలహాన్ కూడా హిరో లాంటివాడే. క్రే అనే వ్యాపారవేత్త, మనుషుల్ని ఒక చోటి నుంచి మరో చోటికి పంపే ద్వారంతో చేయించిన ప్రయోగంలో, ఆ ద్వారం అవతలికి వెళ్లిన కూతురు అబిగైల్ తిరిగి రాలేదు. అదే కోపం, అదే లోటు. తేడా ఒక్కటే: చేయి పట్టుకుని ఆపేవాళ్లు ఆయనకు ఎవరూ లేరు, మైక్రోబాట్లు తప్ప.

రాత్రిపాఠకుడు

మీ ఇద్దరూ బేమాక్స్‌ను పక్కన పెట్టేశారు. హిరోను నిజంగా మార్చింది నలుగురు మిత్రులు కాదు, గరాజులో బేమాక్స్ చేసిన పని. ద్వీపం నుంచి తిరిగి వచ్చాక హిరో మళ్లీ చిప్ తీయబోతాడు, బేమాక్స్ తన గుండె మీది చిప్‌ల తలుపు తెరవడు. కాలహాన్‌ను చంపితే నీ బాధ తగ్గుతుందా అని అడుగుతాడు. తర్వాత తదాషి పాత వీడియోలు చూపిస్తాడు. మొదటి పరీక్షలో రోబో పనిచేయదు, ఆ తర్వాత ఎన్నో పరీక్షలు విఫలమవుతాయి. కళ్ల కింద నలుపుతో, చెదిరిన జుట్టుతో తదాషి మళ్లీ మళ్లీ మొదలుపెడుతూనే ఉంటాడు. 84వ పరీక్షలో బేమాక్స్ లేచి మాట్లాడినప్పుడు తదాషి ముఖంలో వెలుగు చూడాలి. హిరో ఏడుపు అక్కడే మొదలవుతుంది, కోపం అక్కడే దిగిపోతుంది.

ఈ సన్నివేశంలో నలుగురూ లేరు. అందుకే నేను చిత్రకథ గారి పక్షం. కథ మలుపు తిరిగిన చోట ఉన్నది ఇద్దరే, మహా అయితే చనిపోయిన మూడో మనిషి.

పొద్దుతిరుగుడు

రాత్రిపాఠకుడు గారూ, ఆ గరాజు సన్నివేశం నాకూ ప్రాణం. కానీ వరస చూడండి. చిప్ పీకేసిన బేమాక్స్‌కు కాదనే శక్తి లేదు, చెప్పింది చేశాడు. అంటే ఆ కాసేపు బేమాక్స్ కూడా ఒక పెద్ద మైక్రోబాటే. అతన్ని మళ్లీ బేమాక్స్‌గా మార్చింది హనీ లెమన్ చెయ్యి. ఆ చిప్ తిరిగి లోపలికి వెళ్లకపోతే గరాజులో తలుపు తెరవనని చెప్పడానికి ఎవరూ ఉండరు, 84వ పరీక్ష వీడియో చూపించడానికీ ఎవరూ ఉండరు. మీరు మెచ్చుకునే ఆ సన్నివేశం హనీ లెమన్ పుణ్యమే.

ఇంకో సంగతి. హిరో వాళ్లను ద్వీపంలోనే వదిలేసి బేమాక్స్ మీద ఎగిరి వచ్చేస్తాడు. అంతటి అవమానం జరిగాక కూడా వాళ్లు వెతుక్కుంటూ గరాజుకు వస్తారు, మనిషిని పట్టుకుందాం, ఈసారి సరైన పద్ధతిలో అంటారు. క్షమాపణ కోసం ఎదురుచూడలేదు, లెక్కలు అడగలేదు.

చిత్రకథ

ద్వీపం వరకు మీ వాదన ఒప్పుకుంటున్నాను, మైక్రోబాట్ల పోలిక నన్ను ఆలోచనలో పడేసింది. కానీ ఆఖరి పోరాటం సంగతి చెప్పండి. అక్కడ నలుగురూ తలా ఒక చోట ఇరుక్కుపోతారు. ఫ్రెడ్‌ను మైక్రోబాట్లు పట్టేస్తాయి, హనీ లెమన్ చుట్టూ గోడలు మూసుకుంటాయి. అప్పుడు హిరో, సమస్యను కొత్త కోణంలో చూడండి అని చెబితే గానీ వాళ్లకు దారి దొరకదు. నలుగురూ అతనికన్నా పెద్దవాళ్లు, పరిశోధకులు. ఆలోచించమని పిల్లవాడు గుర్తుచేయాలా? ద్వీపం మీద తమంతట తాము నిర్ణయం తీసుకున్న మనుషుల్ని, చివరికి మళ్లీ సూచనల కోసం ఎదురుచూసేవాళ్లుగా చేసేశారు. మీ సిద్ధాంతం ప్రకారమే చూసినా అది వెనకడుగే కదా?

అక్షరాలబాట

ఇది సరైన ప్రశ్న. కొత్త కోణంలో చూడమనే మాట నిజానికి తదాషిది. హిరోకు ఆలోచన తట్టనప్పుడు అతన్ని తలకిందులుగా వేలాడదీసి చెబుతాడు. ఆ మాట మళ్లీ వినిపించాలనే కోరికతోనే నలుగుర్నీ ఇరికించారని నాకు అనిపిస్తుంది. కానీ ఆ మాట తదాషి స్నేహితుల్లో ఒకరి నోట రావచ్చు కదా! అతనితో ఏళ్ల తరబడి పనిచేసిన గోగోకు అది తెలియకుండా ఉంటుందా? ఆ మాట ఆమె చెప్పి, హిరో విని ఉంటే చిత్రకథ గారి ఫిర్యాదులో సగం తీరిపోయేది.

పొద్దుతిరుగుడు

గోగో ఆ మాట అనాలనేది చాలా మంచి ఆలోచన, నేనూ దానికే ఓటు వేస్తాను. అయితే వెనకడుగు అనడానికి మాత్రం ఒప్పుకోను, చిత్రకథ గారూ. హిరో వాళ్లకు మార్గం చెప్పలేదు, ఆలోచించమని మాత్రమే అన్నాడు. ఎలా తప్పించుకోవాలో ఎవరికి వారే కనిపెట్టారు. ఆ తర్వాత మైక్రోబాట్లను ద్వారంలోకి పోయేలా చేసి కాలహాన్ బలగాన్ని ఖాళీ చేయడం అందరూ కలిసి చేసిన పనే. మనిషిని చంపకుండా అతని చేతిలోని పరికరాన్ని తీసేశారు. ద్వీపం మీద వసాబి అడిగింది అక్షరాలా అదే.