మూడేళ్లు దాటిన మెయిళ్లు తుడిచేయాలా, ఉంచేయాలా?

సర్వర్‌గది:
మూడేళ్లు దాటిన మెయిళ్లు, చాట్లు వాటంతట అవే డిలీట్ అయ్యేలా పాలసీ పెట్టమని లీగల్ అంటోంది. ఒక్కటి కూడా తీయొద్దని ఫైనాన్స్ అంటోంది. రేపు కోర్టు కేసులో రికార్డులు తీసివ్వమంటే ఏది మేలు? మెయిల్ మైక్రోసాఫ్ట్ 365లో ఉంది. ఫైళ్లు కొన్ని షేర్డ్ డ్రైవ్‌లో, కొన్ని వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి.

పాతచిట్టా:
అన్నీ ఉంచండి. డిస్కు చవక. తుడిచేశాక అడిగితే ఏం చూపిస్తారు?

గడువుతేదీ:
డిస్కు చవకే, చదివించడం చవక కాదు. అవతలి పక్షం అడిగింది ఇవ్వాలంటే కీవర్డులతో వెతకాలి, డూప్లికేట్లు తీసేయాలి. ఆపైన లాయర్లు ఒక్కొక్కటీ చదివి, క్లయింటుతో రహస్యంగా మాట్లాడుకున్నవి పక్కన పెట్టాలి. ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2012లో కొన్ని పెద్ద కంపెనీల కేసులు తీసుకుని లెక్కేస్తే రికార్డులు అందించే ఖర్చులో సుమారు 73 శాతం ఈ చదివే పనికే పోయింది. పదేళ్ల చెత్త దాచుకుంటే పదేళ్ల చెత్తా చదివించుకోవాలి.

పాలసీ ప్రకారం తుడవడం దానికదే నేరం కాదు. ఎన్రాన్ కాగితాలు నాశనం చేయించిన కేసులో ఆడిట్ సంస్థ ఆర్థర్ అండర్సన్‌కి పడ్డ శిక్షను 2005లో కొట్టేస్తూ అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి పాలసీలు వ్యాపారంలో మామూలేనంది. వ్యక్తిగత సమాచారమైతే ఎక్కువ కాలం ఉంచుకోవడమే తంటా. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ అయిదో అధికరణం అవసరం తీరాక పెట్టుకోవద్దంటుంది. జరిమానా 2 కోట్ల యూరోలు, లేదా ప్రపంచ టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకూ పడొచ్చు.

పాతచిట్టా:
ఆర్థర్ అండర్సన్ పేరు మీరే తెచ్చారు. 2005లో తీర్పు వచ్చేసరికి ఆ కంపెనీలో ఏం మిగిలిందండీ? ఆడిట్ వ్యాపారం 2002లోనే మూతపడింది. కాగితం మీద గెలిచారు, అంతే.

లాగ్‌ఫైల్:
రోజూ రాత్రి బ్యాకప్ తీస్తారుగా, ఇంకెందుకు గొడవ?

మూడోకాపీ:
బ్యాకప్‌ని ఆర్కైవ్ అనుకోకండి. సొంత మెయిల్ సర్వర్‌లో పొద్దున వచ్చిన మెయిల్ మధ్యాహ్నం పూర్తిగా తీసేస్తే రాత్రి బ్యాకప్‌లో అది ఉండదు. ఉన్నదాంట్లో వెతకాలన్నా చాలాసార్లు మొత్తం రీస్టోర్ చేస్తే గానీ కుదరదు. అమెరికాలో జుబులేక్ అనే మాజీ ఉద్యోగిని వేసిన కేసులో యూబీఎస్ వార్‌బర్గ్ బ్యాంకు బ్యాకప్ టేపుల గొడవ అదే. విపత్తు కోసం పెట్టిన టేపుల్ని మామూలుగా హోల్డ్‌లో (కేసు కోసం తుడవకుండా ఆపి ఉంచడం) పెట్టక్కర్లేదని, ముఖ్యమైన ఉద్యోగుల డేటా ఏ టేపులో ఉందో తెలిస్తే మాత్రం ఆ టేపు ఆపాల్సిందేనని 2003లో కోర్టు చెప్పింది.

ఇంకో సంగతి. ఫైలు మౌసుతో లాగి వేరే డిస్కులో వేస్తే క్రియేటెడ్ తేదీ ఆ రోజుది అయిపోతుంది. వర్డ్ ఉత్తరంలో ఆటోమేటిక్ తేదీ ఫీల్డు ఉంటే, ఎప్పుడో పంపిన ఉత్తరం కూడా ఇవాళ తెరిస్తే ఇవాళ్టి తేదీ చూపిస్తుంది. అందుకే ముందు టైంస్టాంపులు నిలిపే టూల్‌తో కాపీ, వెంటనే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, ఫైలు మారితే ఇదీ మారుతుంది), ఆ తర్వాతే తెరవడం. భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లోనూ హ్యాష్ విలువ, ఏ అల్గారిథమో రాయాలి.

పాతచిట్టా:
హ్యాష్ సరే. డూప్లికేట్లు తీసేటప్పుడు బీసీసీ సంగతి ఏంటి? బీసీసీలో ఎవరున్నారో పంపినవాడి కాపీలోనే కనిపిస్తుంది. టూల్ అందుకున్నవాడి కాపీ ఉంచి పంపినవాడిది తీసేస్తే?

మూడోకాపీ:
హ్యాష్ లెక్కలో బీసీసీ ఫీల్డు చేర్చండి, రెండూ వేర్వేరుగా నిలుస్తాయి. ఎవరెవరి దగ్గర కాపీ దొరికిందో ఆ పేర్ల కాలమ్ కూడా ఉంచండి.

పాతచిట్టా:
చేర్చితే డూప్లికేట్లు పెరుగుతాయి, చదివే ఖర్చు పెరుగుతుంది. ఖర్చు ఖర్చని పాఠం చెప్పింది మీవాళ్లేగా.

గడువుతేదీ:
బీసీసీ పట్టుకుని వేలాడకండి సార్. అడిగింది మూడేళ్ల పాలసీ గురించి.

పాతచిట్టా:
మీరు చట్టం పుస్తకం పట్టుకుని వేలాడుతున్నారు, నేను సిస్టం చూస్తున్నాను.

గడువుతేదీ:
సిస్టమే చూద్దాం. డిలీట్ పాలసీ, లీగల్ హోల్డ్ రెండూ ఒకే మెయిల్ మీద పడితే హోల్డే నెగ్గుతుంది. యూజర్ డిలీట్ కొట్టినా అది రికవరబుల్ ఐటమ్స్ అనే యూజర్‌కి కనపడని ఫోల్డర్‌లో నిలుస్తుంది. హోల్డ్ పెట్టగానే ఆ ఫోల్డర్ పరిమితి 30 జీబీ నుంచి 100 జీబీకి పెరుగుతుంది. ఇంకేం భయం?

పాతచిట్టా:
హోల్డ్ ఎవరు పెడతారండీ? నోటీసు లీగల్ టేబుల్ మీదకొస్తుంది, బటన్ ఐటీ దగ్గరుంటుంది. మధ్యలో ఒకరు రాజీనామా చేస్తారు. హెచ్‌ఆర్ టికెట్‌తో ఖాతా దానంతటదే డిలీట్ అవుతుంది. హోల్డ్ లేకపోతే 30 రోజుల తర్వాత ఆ మెయిల్‌బాక్స్ ఇక తిరిగి రాదు. ఆ 30 రోజుల్లో లీగల్ నుంచి ఐటీకి ఒక్క ముక్క రాదు. ఆరు నెలలకి తీరిగ్గా వచ్చి "మెయిళ్లు ఏవి?" అంటారు. మాట పడేది ఎవరు? ఐటీ! డిలీట్ అనేదే లేకపోతే ఆ మాట పడక్కర్లేదు. అందుకే అన్నీ ఉంచమన్నాను. డిస్కు మీద ప్రేమతో కాదు.

లాగ్‌ఫైల్:
ఆ... ఇప్పుడు బయటికొచ్చింది.

గడువుతేదీ:
అయితే మీ పేచీ లీగల్‌తో. ఆ మాటకొస్తే మీరన్నది నిజమే. నోటీసు వచ్చిన రోజు నుంచి కాదు, వ్యాజ్యం రావచ్చని సహేతుకంగా అనిపించిన రోజు నుంచే భద్రపరిచే బాధ్యత మొదలవుతుంది. బెదిరింపు ఉత్తరమో రెగ్యులేటర్ ఫోనో చాలు. అది ఐటీకి ఎలా తెలుస్తుంది? అదే జుబులేక్ కేసులో 2004లో కోర్టు, హోల్డ్ పంపి చేతులు దులుపుకుంటే చాలదు, అమలవుతోందో లేదో లాయర్లే చూసుకోవాలంది. పోయిన ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా ఫెడరల్ కోర్టుల రూల్ 37(ఇ) 2015 సవరణ తర్వాత చూసేది కూడా తగిన జాగ్రత్త తీసుకున్నారా లేదా అనే. కావాలని పోగొడితేనే ఆ డేటా పోగొట్టినవాళ్లకే వ్యతిరేకంగా ఉండేదని అనుకోమని జ్యూరీకి చెప్పడం లాంటి పెద్ద శిక్షలు.

పాతచిట్టా:
సరే, ఐటీకి అనుమానం వస్తే డిలీట్ ఆపే అధికారం రాసివ్వండి. మీ మూడేళ్లకి నేను రెడీ.

గడువుతేదీ:
కుదరదు. ఏది వ్యాజ్యమో ఐటీ తేలిస్తే ప్రతి టికెట్టూ ఆగుతుంది, ఒక్కటీ డిలీట్ కాదు. ఆపేది లీగలే.

పాతచిట్టా:
అంటే అధికారం మీది, మాట పడేది మాది.

మూడోకాపీ:
మీ ఇద్దరి మధ్యలో ఫోన్లు మర్చిపోయారు. వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజ్‌లు 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో పోతాయి. సర్వర్ మీద హోల్డ్ దాన్ని తాకదు. మనిషికి చెప్పి ఆఫ్ చేయించాలి, ఫోన్ మార్చేలోపే కాపీ తీయాలి. 2021 డిసెంబరులో జేపీ మోర్గాన్‌కి అమెరికా రెగ్యులేటర్లు రెండూ కలిపి వేసిన 20 కోట్ల డాలర్ల జరిమానా ఉద్యోగులు సొంత ఫోన్లలో నడిపిన మెసేజ్‌లు భద్రపరచనందుకే. అలాగే మెయిల్‌లో లింకుగా పంపిన ఫైలు మెయిల్‌బాక్స్‌లో ఉండదు. వన్‌డ్రైవ్‌నీ విడిగా హోల్డ్‌లో పెట్టాలి.

సర్వర్‌గది:
హెచ్‌ఆర్ టికెట్‌లో ఒక గడి పెట్టమన్నాను: ఈ ఉద్యోగి హోల్డ్ జాబితాలో ఉన్నారా? లీగల్ అవునో కాదో టిక్ చేస్తే గానీ ఖాతా డిలీట్ ముందుకి కదలదు.

పాతచిట్టా:
ఆ టిక్‌కి ఎంత గడువు? వారమైనా పెట్టకపోతే?

గడువుతేదీ:
పెట్టేదాకా డిలీట్ ఆగుతుంది, అంతే కదా మీరు కోరింది. అవును అంటే ముందు హోల్డ్ పెట్టి, ఆ తర్వాత ఖాతా తీసేయండి. ఖాతా పోయినా మెయిల్‌బాక్స్ ఇనాక్టివ్‌గా నిలుస్తుంది. ఈ వరస తిరగబడిందంటే మీ 30 రోజులు లెక్క మొదలైనట్టే.

పాతచిట్టా:
కేసు ముగిశాక హోల్డ్ ఎత్తేది ఎవరు? అదీ లీగలే అంటారు. ఎత్తరు, చూస్తూ ఉండండి.

గడువుతేదీ:
హోల్డ్ రిజిస్టర్‌లో కేసు, పేర్లు, పెట్టిన తేదీ, సమీక్ష తేదీ రాయండి. సమీక్ష తేదీకి లీగల్ మెయిల్‌బాక్స్‌కి ఐటీ నుంచే రిమైండర్ వెళ్లేలా పెట్టండి. ఎత్తేటప్పుడు అదే ఉద్యోగి ఇంకో కేసు హోల్డ్‌లో లేరని చూసుకోండి. పొరపాటున ఎత్తినా మెయిల్ ఆ క్షణమే పోదు, 30 రోజుల డిలే హోల్డ్ ఉంటుంది. అభ్యంతరముంటే ఆలోపే చెప్పండి, ఆరు నెలలకి కాదు.